ఉప్పునీటి గాలం – మూడో పాఠం: గాల్వెస్టన్ వసంతంలో ముందు గాలి చూడాలి

గత పాఠంలో రాడ్, రీల్, లైన్ ఎంచుకోవడం, పాలోమార్ ముడి వేయడం చూశాం. ఆ ముడి కళ్లు మూసుకుని వేయగలిగితేనే ఈ పాఠం మొదలుపెట్టండి. రాకపోతే ఇంకో రెండు సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని వేస్తూ ఉండండి. తొందరేం లేదు, చేపలు ఏటా వస్తాయి.

ఈసారి ద్వీపం మీదికి వెళ్తున్నాం. టెక్సస్‌లోని హ్యూస్టన్ నుంచి ఐ-45 హైవే పట్టుకుని దక్షిణంగా 50 మైళ్లు పోతే వంతెన దాటి గాల్వెస్టన్‌లో దిగుతాం. ద్వీపం పొడవు సుమారు 27 మైళ్లు, వెడల్పు మాత్రం మహా అయితే మూడు మైళ్లు. వాస్తు పుణ్యమా అని మనవాళ్లకి మూల దిక్కులు వేరే నేర్పక్కర్లేదు కాబట్టి వాటితోనే చెబుతాను. ఆగ్నేయం వైపు గల్ఫ్, అంటే అసలు సముద్రం. వాయవ్యం వైపు వెస్ట్ బే, లోతు తక్కువ, అంచుల్లో గడ్డి. ఈశాన్యం కొసన ఓడలు వచ్చిపోయే లోతైన కాలువ, దానికి రెండు వైపులా సముద్రంలోకి పోయే గ్రానైట్ రాళ్ల కట్టలు. వీటినే జెట్టీలంటారు. నైరుతి కొసన శాన్ లూయిస్ పాస్. లోపలి నీళ్లు బయటికి, బయటి నీళ్లు లోపలికి ప్రధానంగా ఈ రెండు కొసల నుంచే పోయివస్తాయి. ఈ బొమ్మ మనసులో నిలవాలి. పాఠమంతా దీని మీదే నడుస్తుంది.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు శుక్రవారం రాత్రి చేసే పని ఒకటుంది. ఫోన్‌లో పోటు ఎన్ని గంటలకో చూసుకుని, దానికి తగ్గట్టు అలారం పెట్టుకుని పడుకుంటారు. మనవైపు అయితే అది సరిపోతుంది. విశాఖ తీరంలో అమావాస్యకి, పౌర్ణమికి నీళ్లు నాలుగైదు అడుగులు లేచి దిగుతాయి. గాల్వెస్టన్‌లో ఆటుపోట్ల తేడా మామూలుగా ఒకటిన్నర అడుగు. ఇంత చిన్న పోటును ఒక మోస్తరు గాలి కూడా తారుమారు చేసేస్తుంది. పట్టికలో పోటు అని రాసి ఉన్న గంటకు నీళ్లు దిగిపోతూ కనిపించడం ఇక్కడ వింతేమీ కాదు. అందుకే ఫిబ్రవరి నుంచి మే దాకా నేను ముందు గాలి చూస్తాను, తర్వాతే పోటు. మీరూ అదే అలవాటు చేసుకోండి.

ఒక చిన్న సంగతి, తెలియనివాళ్ల కోసం. వాతావరణ సూచనలో ఆగ్నేయ గాలి అంటే ఆగ్నేయం నుంచి వచ్చే గాలి. అటు పోయే గాలి కాదు.

వసంతంలో ఇక్కడి గాలి ఒక చక్రంలా తిరుగుతుంది. ఉత్తరం నుంచి చలిగాలుల ఫ్రంట్ ఒకటి దిగుతుంది, దాటిపోతుంది, గాలి మెల్లగా తూర్పుకి, అక్కణ్నుంచి ఆగ్నేయానికి మళ్లుతుంది, మళ్లీ ఇంకో ఫ్రంట్. మార్చిలో ఇది ఇంచుమించు వారానికొకటి. ఏప్రిల్ సగం దాటాక బలం తగ్గుతుంది, మే వచ్చేసరికి దాదాపు ఆగిపోతుంది. మీ సెలవు రోజు ఈ చక్రంలో ఎక్కడ పడిందో తెలిస్తే, ఎక్కడికి పోవాలో, ఏ ఎర కట్టాలో సగం తేలిపోయినట్టే.

ఫ్రంట్ రావడానికి ముందు ఒకటి రెండు రోజులు ఆగ్నేయ గాలి గంటకు 15 – 20 మైళ్ల వేగంతో, ఒక్కోసారి ఇంకా గట్టిగా వీస్తుంది. గల్ఫ్ వైపు నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, కెరటాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. అదే గాలి నీళ్లను ద్వీపం వెనక్కి నెడుతుంది కాబట్టి బే నిండుతుంది, గడ్డి మొదళ్ల దాకా నీళ్లు ఎక్కుతాయి. రెడ్ డ్రమ్ చేపలు, ఇక్కడివాళ్లు రెడ్‌ఫిష్ అంటారు, ఆ గడ్డిలోకి దూరి పీతల్ని, చిన్న చేపల్ని ఏరుకుంటాయి. అలాంటి రోజు బీచ్‌లో కెరటాలతో కుస్తీ పట్టడం దండగ. బే వైపు వెళ్లండి. గాలి వీపుకి తగులుతుంది, విసిరిన గాలం దూరం పోతుంది. ద్వీపం మీదున్న గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్ బే వైపు కూడా విస్తరించి ఉంది, నేర్చుకునేవాళ్లకు మంచి చోటు. ఒక్క జాగ్రత్త: ఫ్రంట్ ముందు ఉరుములు వస్తాయి. చేతిలో ఉన్నది గ్రాఫైట్ రాడ్, అందులోంచి కరెంటు పారుతుంది. ఉరుము వినపడగానే రాడ్ కింద పెట్టి కారెక్కాలి, ఆ క్షణంలో చేప లాగుతున్నా సరే.

ఫ్రంట్ దాటగానే గాలి ఉత్తరానికి తిరుగుతుంది. ఇప్పుడు అంతా తలకిందులు. ఒడ్డు మీంచి సముద్రం వైపు వీచే గాలి కాబట్టి గల్ఫ్ అంచు చదునుగా పరుచుకుంటుంది. బే మాత్రం ఖాళీ అవుతుంది. గాలి గట్టిదైతే నీటిమట్టం పట్టికలో రాసినదాని కన్నా అడుగు, ఇంకా ఎక్కువ కూడా పడిపోతుంది. నిన్న గడ్డిలో మేసిన చేపలు ఈరోజు కాలువల్లోకి, లోతుల్లోకి జారుకుంటాయి. ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంటుంది, చూస్తే వేటకు ఇంతకన్నా మంచిరోజు లేదనిపిస్తుంది. కానీ చేపలు మందకొడిగా ఉండేది సరిగ్గా అప్పుడే. ఆ రోజు నమ్ముకోదగ్గది ఈశాన్యం కొస, అక్కడి లోతైన నీళ్లు, అక్కడ తిరిగే బ్లాక్ డ్రమ్.

ఈ పాఠానికి మన చేప అదే. గడ్డం కింద మీసాల్లాంటి పోగులుంటాయి, వాటితో నేల తడుముతూ తిండి వెతుక్కుంటుంది. గొంతులో గట్టి పళ్లు, పీత డిప్పల్ని, ఆల్చిప్పల్ని నలిపేస్తుంది. బతికే కాలం యాభై ఏళ్లకు పైనే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పెద్ద చేపలు గుడ్లు పెట్టడానికి జెట్టీల దగ్గర గుంపు కడతాయి. పొట్టలోని గాలితిత్తిని కండరాలతో అదిలించి దబ్‌దబ్‌మని శబ్దం చేస్తాయి, డ్రమ్ అన్న పేరు అందుకే. పడవలో కూర్చుంటే కాళ్ల కింద ఆ మోత వినపడుతుంది.

కొత్తవాళ్లకు ఈ చేప కలిసొచ్చేది ఎందుకంటే ఇది కంటి మీద ఆధారపడదు. నీళ్లు బురదగా ఉన్నా వాసన, తడిమే పోగులు చాలు. వసంతంలో గల్ఫ్ నీళ్లు తేటగా దొరికే రోజులు తక్కువ కాబట్టి ఇది చిన్న సౌలభ్యం కాదు.

ఎర: బ్లూ క్రాబ్, అంటే నీలి పీత. పైడిప్ప తీసేసి, కాళ్లూ కొండ్లూ కత్తిరించి, పెద్దదైతే నాలుగు ముక్కలు, చిన్నదైతే రెండు చేయండి. కాలు తెంపిన చోట రంధ్రం కనిపిస్తుంది, గాలాన్ని అందులోంచి గుచ్చి కొస బయటికి కనపడేలా తీయండి. కొస పీత మాంసంలో దాగిపోతే చేప నోట్లో పట్టదు. రొయ్య కడితే డ్రమ్ తినదని కాదు, కానీ అది అడుక్కి చేరేలోపే క్యాట్‌ఫిష్‌లు, చిన్నాచితకా చేపలు కొరికేస్తాయి. పీత ఖరీదైనా నిలుస్తుంది.

కట్టే పద్ధతి ఇది. మెయిన్ లైన్ మీదికి జారే సీసపు గుండు ఒకటి ఎక్కించండి. తర్వాత ఒక పూస, ఆ తర్వాత స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు లంకె) ముడి. స్వివెల్ రెండో చివర రెండడుగుల లీడర్, అంటే హుక్ దాకా పోయే గట్టి లైన్ ముక్క, 60 పౌండ్ల బలానికి తగ్గని మోనో (ఒంటిపోగు నైలాన్). దాని చివర 8/0 సైజు సర్కిల్ హుక్, అంటే కొస లోపలికి వంగిన గుండ్రటి గాలం. చేప ఎర పట్టి కదిలినప్పుడు లైన్ సీసంలోంచి జారుతుంది, బరువు దానికి తెలియదు. సీసం నాలుగు ఔన్సులతో మొదలుపెట్టి, ప్రవాహం లాక్కుపోతుంటే పెంచుకుంటూ పోండి. ఇసుక అడుగైతే తీగ కాళ్లున్న స్పైడర్ సీసం నిలుస్తుంది. రాళ్ల దగ్గర అది వేస్తే ఇరుక్కుని పోతుంది, అక్కడ మామూలు గుండే మేలు.

ఇప్పుడు అసలు కష్టం. పంట కాలువ గట్టున బెండు మునగగానే గడను పైకి ఎత్తి లాగిన అలవాటు మనలో చాలామందికి ఉంది. సర్కిల్ హుక్‌తో అలా లాగితే ఎర నోట్లోంచి ఊడి వస్తుంది. రాడ్ స్టాండులో ఉంచండి. కొస ఊగుతుంది, ఆగుతుంది, మళ్లీ ఊగుతుంది. చేతులు కట్టుకుని చూడండి. రాడ్ వంగి అలాగే ఉండిపోయినప్పుడు తీసి, లాగకుండా మెల్లగా రీల్ తిప్పండి. హుక్ దానంతట అదే తిరిగి పెదవి మూలలో దిగుతుంది. చెప్పడానికి రెండు ముక్కలే, మొదటిసారి చేతులు మాట వినవు.

పెద్ద డ్రమ్‌ని ఇంటికి తెచ్చుకోవాలని ఆశపడకండి. చట్టం 14 నుంచి 30 అంగుళాల మధ్య చేపల్నే, రోజుకు ఐదు, ఉంచుకోనిస్తుంది. ఆ పైవి వదిలేయాల్సిందే, ఒక్క 52 అంగుళాలు దాటిన అరుదైన చేపకి తప్ప. అసలు పెద్దవాటి మాంసం ముతక, తరచూ పురుగులు కూడా కనిపిస్తాయి. పులుసుకి 16 – 20 అంగుళాలవే బాగుంటాయి, చింతపండు కొంచెం ఎక్కువే వేయాలి. వదిలే చేపని మొప్పల్లో వేళ్లు పెట్టి వేలాడదీయొద్దు. చేతులు తడుపుకుని పొట్ట కింద ఆన్చి, ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, అది తోక కొట్టాక వదలండి.

అదే రాళ్ల దగ్గర ఫిబ్రవరి, మార్చిల్లో షీప్స్‌హెడ్ ఉంటుంది. నల్లచారల చేప, నోరు తెరిస్తే మనిషి పళ్లలాంటి పళ్లు. చిన్న హుక్, బతికున్న రొయ్య, రాయి పక్కనే దించడం, అంతే. ఎర దొంగిలించడంలో దీన్ని మించింది లేదు. 15 అంగుళాలుంటే ఉంచుకోవచ్చు, రోజుకు ఐదు.

చక్రంలో మూడో దశ గాలి తూర్పుకి తిరిగి నెమ్మదించే రోజు. ఏప్రిల్ చివర, మేలో ఇలాంటి రోజు దొరికితే ఆఫీసుకి ఏం చెప్పాలో మీరే ఆలోచించుకోండి. గోధుమ నీళ్లు వెనక్కి పోయి ఆకుపచ్చ నీళ్లు ఒడ్డుకి చేరతాయి. ఫిబ్రవరిలో 50ల్లో ఉండే నీటి వేడి ఏప్రిల్‌కి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కలకి వస్తుంది, స్పెకిల్డ్ ట్రౌట్ కెరటాల్లోకి దిగుతుంది. ఒడ్డుకి సమాంతరంగా ఇసుక మెట్టలుంటాయి, కెరటం విరిగే చోటు మెట్ట, విరగని చోటు పల్లం. ట్రౌట్ పల్లంలో తిరుగుతుంది. నీటి మీద నూనె తెట్టులాంటి మరక కనిపించి పుచ్చకాయ వాసన వస్తే కింద చేపలు తింటున్నట్టు ఇక్కడి పాతకాపులు లెక్కేస్తారు. దీని గురించి విడిగా ఒక పాఠం ఉంది, ఇప్పటికి ఇంతే. రోజుకు మూడు, 15 – 20 అంగుళాలవి.

ప్రాణం సంగతి. శాన్ లూయిస్ పాస్ దగ్గర నీళ్లలోకి దిగొద్దు. మోకాలి లోతులో నిలబడ్డ ఇసుక అడుగున కరిగిపోతుంది, ప్రవాహం లాగేస్తుంది, అక్కడ పోయినవాళ్లు చాలామంది. జెట్టీ రాళ్ల మీద నాచు ఉంటుంది, చెప్పులతో ఎక్కొద్దు. బీచ్‌లో దిగితే అడుగు ఎత్తకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి, తోకలో ముల్లున్న స్టింగ్‌రే అలికిడికి పక్కకి పోతుంది. బీచ్ దగ్గర ఊదారంగు జెండా ఎగురుతుంటే కుట్టే జెల్లీచేపలు, మ్యాన్ ఓ వార్‌లు వచ్చాయని అర్థం. ఆగ్నేయ గాలి వాటిని ఒడ్డుకి తోస్తుంది. నీలం బుడగలా ముద్దుగా ఉంటుంది, పిల్లలు ముట్టుకోబోతారు, చూసుకోండి.

17 ఏళ్లు నిండినవారికి టెక్సస్ లైసెన్స్, దాని మీద ఉప్పునీటి ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) ఉండాలి. లైసెన్స్ సంవత్సరం సెప్టెంబర్ 1న మొదలవుతుంది కాబట్టి మార్చిలో కొన్నది మామూలుగా ఆగస్టు 31తో అయిపోతుంది. స్టేట్ పార్క్ లోపల ఒడ్డు నుంచి వేస్తే లైసెన్స్ అడగరు. కొలతలు, లెక్కలు మారుతుంటాయి, ట్రౌట్ నిబంధన 2024లోనే మారింది. వెళ్లేముందు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పట్టిక ఒకసారి తిరగేయండి.

వచ్చే పాఠం దాకా మీ అభ్యాసం. గాల్వెస్టన్ పియర్ 21 దగ్గర 1904 నుంచి నీటిమట్టం కొలుస్తున్నారు, ఆ గ్రాఫ్ నోవా (NOAA, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అందులో రెండు గీతలుంటాయి, ఒకటి లెక్క కట్టింది, ఒకటి నిజంగా కొలిచింది. వారం పాటు రోజూ సాయంత్రం రెండింటి మధ్య తేడా ఎన్ని అంగుళాలో, ఆ పూట గాలి ఏ దిక్కు నుంచి ఎంత వేగంతో వీచిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. వారంలో ఒక్క ఫ్రంట్ అయినా దాటేలా చూసుకుని మొదలుపెట్టండి. ఏడో రోజు ఎనిమిదో రోజు సంగతి మీరే ఊహించి రాయాలి: బే నిండుతుందా, ఖాళీ అవుతుందా, గల్ఫ్ రంగేమిటి, మీరైతే ఏ కొసకి పోతారు, ఏ ఎర కడతారు. నాలుగో పాఠంలో ఆ పేజీ దగ్గర పెట్టుకునే మెట్టలూ పల్లాలూ చదవడం మొదలుపెడదాం.