విదేశీ లీగ్ నుంచి పిలుపు వస్తే: విశాఖ బాస్కెట్‌బాల్ పిల్లలకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ కొన్ని జాగ్రత్తలు

సాయంత్రం కోర్టుకి వచ్చే పిల్లల నోట ఈ మధ్య ఒకటే ప్రశ్న. "సార్, ఎన్‌బీఏ యూరప్‌లో కూడా లీగ్ పెడుతుందట కదా, మనకి చాన్సులు పెరుగుతాయా?" చాన్సుల మాట తర్వాత, ముందు పెరిగేవి ఫోన్లు. ఎన్‌బీఏ లాంటి అమెరికా పెద్ద లీగ్ సముద్రం దాటుతోందని వార్త వచ్చినప్పుడల్లా "మీ అబ్బాయి వీడియో చూశాం, మా క్లబ్బుకి కావాలి" అనే మెసేజ్‌లు ఊరూరా తిరుగుతాయి. వాటిలో నిజమైనవీ ఉంటాయి. అందుకే వెళ్ళొద్దని చెప్పను. వెళ్ళేముందు ఏమేం చూసుకోవాలో, ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో పిల్లలతో ఆడిస్తున్నవాడిగా నాకు తెలిసినంత చెబుతాను.

ముందు వార్త ఏమిటో సరిగ్గా తెలుసుకోండి. 2025 మార్చిలో ఎన్‌బీఏ, అంతర్జాతీయ సమాఖ్య ఫిబా కలిసి యూరప్‌లో కొత్త లీగ్ పెట్టే ఆలోచనలో ఉన్నామని ప్రకటించాయి. అప్పుడు చెప్పిన లెక్క 16 జట్లు. వాటిలో 12 శాశ్వతంగా ఉంటాయి, మిగతా నాలుగు స్థానాలకి ఏటా అర్హత సాధించి రావాలి. ఆఫ్రికాలో ఈ రెండు సంస్థలే పెట్టిన లీగ్ 2021 నుంచి నడుస్తోంది. ఇటు దుబాయ్ జట్టు ఒకటి 2025-26 సీజన్‌తో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్‌లోకి వచ్చింది. మన దేశానికైతే 2019 అక్టోబరులో శాక్రమెంటో కింగ్స్, ఇండియానా పేసర్స్ వచ్చి ముంబైలో రెండు ప్రీసీజన్ మ్యాచ్‌లు ఆడి వెళ్ళాయి.

ఇప్పుడు సీట్ల లెక్క చూడండి. ఎన్‌బీఏలో 30 జట్లు, జట్టుకి 15 మంది, మొత్తం 450. దానికి టూ-వే కాంట్రాక్టులు, అంటే ఎన్‌బీఏ జట్టుకీ దాని కింది లీగ్ జట్టుకీ ఆడేవి, జట్టుకి మూడేసి కలిపితే ఇంకో 90. ప్రపంచంలో ఉన్న పిల్లలందరూ పోటీపడేది ఈ 540 చోట్లకే. పంజాబ్ నుంచి వెళ్ళిన ఏడడుగుల సత్‌నామ్ సింగ్‌ని 2015 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోట, డల్లాస్ మావరిక్స్ 52వ పిక్‌గా తీసుకుంది. ఆయన కూడా ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. కాబట్టి ఆరడుగుల ఒక అంగుళం ఉన్న మన గార్డ్‌కి "ఎన్‌బీఏ దారి" చూపిస్తానని ఎవరైనా అంటే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి. నిజమైన మనిషి చిన్న లీగ్ పేరు, రెండో డివిజన్ పేరు చెబుతాడు, జీతం కూడా చిన్నదే చెబుతాడు.

"ఆసియా కోటా ఉంది" అనే మాట కూడా బాగా వినిపిస్తుంది. ఆసియా కోటా అంటే కొన్ని లీగుల్లో ఆసియా దేశాల ఆటగాళ్ళకి విడిగా ఉంచే చోటు. అది ఆసియాలో పుట్టిన ప్రతివాళ్ళకీ వర్తిస్తుందని కాదు. దక్షిణ కొరియా లీగ్ ఆ కోటా పెట్టినప్పుడు ముందు జపాన్ ఆటగాళ్ళకి ఇచ్చింది, 2022 నుంచి ఫిలిప్పీన్స్ వాళ్ళకీ ఇచ్చింది. ఆ లీగ్ నిబంధనల్లో భారతదేశం పేరు ఉందా అని ఏజెంట్‌ని అడగండి. ఉందంటే ఆ పేజీ పంపమనండి.

ఏజెంట్ దగ్గరే అసలు జాగ్రత్త

అంతర్జాతీయ బదిలీలు చేయించే ఏజెంట్ ఫిబా పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సు ఉన్నవాళ్ళ పేర్లు ఫిబా వెబ్‌సైటులో దేశాలవారీగా ఉంటాయి. అది చూడటానికి పది నిమిషాలు పట్టదు. అందులో పేరు లేనివాళ్ళతో మాట ముందుకి సాగనివ్వకండి. "నేను ఫలానా ఏజెంట్ తరఫున మాట్లాడుతున్నాను" అంటే ఆ ఏజెంట్‌తోనే వీడియో కాల్ పెట్టించమనండి. తర్వాత క్లబ్బు వెబ్‌సైటులో ఉన్న ఈమెయిల్‌కి మీరే స్వయంగా రాయండి. ఫోన్ చేసినవాడు ఇచ్చిన ఈమెయిల్‌కి రాస్తే జవాబు కూడా వాడే ఇస్తాడు.

ముందుగా డబ్బు అడిగితే ఆగండి. ఏజెంట్‌కి వచ్చేది మీరు సంతకం చేసిన కాంట్రాక్టులో ఒక వాటా, సాధారణంగా పది శాతం లోపు. చాలాచోట్ల క్లబ్బే కడుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు, స్లాట్ బుకింగ్, ప్రొఫైల్ ప్రమోషన్ అంటూ మీ దగ్గర తీసుకునేది కాదు.

కొన్నేళ్ళ కిందట నా దగ్గర ఆడిన గాజువాక కుర్రాడు ఒకడు ఇలాగే దెబ్బతిన్నాడు. గల్ఫ్‌లో ట్రయల్స్ అన్నారు, టికెట్టు కాక ఎనభై వేలు తీసుకున్నారు. వాళ్ళమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి కట్టింది. తీరా వెళ్తే అక్కడ అద్దెకి తీసుకున్న హాలు, మనవాడిలాంటి పిల్లలు నలభై మంది, మూడు రోజుల మ్యాచ్‌లు. చూడటానికి వచ్చిన క్లబ్బు ఒక్కటీ లేదు. వాడు తిరిగొచ్చి రెండు నెలలు బంతి ముట్టుకోలేదు. వెళ్ళేముందు నాతో ఒక్క మాట అనలేదు, అంటే వద్దంటానని భయం. అందుకే పిల్లలకి చెబుతున్నాను, మీ కోచ్‌కి చెప్పండి. ఆయన వద్దంటారనిపిస్తే ఇంకో కోచ్‌కి చెప్పండి. ఎవ్వరికీ చెప్పకుండా మాత్రం డబ్బు కట్టకండి.

కాంట్రాక్టు చదవడం

ఇంగ్లీషులో పది పేజీలు ఉంటుంది, అది చూడగానే అందరూ చివరి పేజీకి వెళ్ళి సంతకం పెట్టేస్తారు. తెలిసిన లాయరుకి రెండు వేలు ఇచ్చి చదివించుకోండి. మీరు చదివేటప్పుడు చూడవలసినవి ఇవి. జీతం పన్ను పోగా చేతికి ఎంత? ఎన్ని నెలలు? నెలకి 1,000 డాలర్లు అంటే ఏడాదికి 12,000 అని ఇంట్లో లెక్క వేసుకుంటారు, సీజన్ ఎనిమిది నెలలే అయితే వచ్చేది 8,000. గది అద్దె, భోజనం, రానుపోను టికెట్టు, వైద్య బీమా ఎవరివి? మోకాలు పోతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఆ నెలల జీతం వస్తుందా? చాలా కాంట్రాక్టులు వైద్య పరీక్ష పాసైతేనే అమల్లోకి వస్తాయి. కొన్నిటిలో మొదటి రెండు మూడు వారాలు ట్రయల్ అని ఉంటుంది, ఆలోపు నచ్చకపోతే పంపించేయవచ్చు. అలా పంపిస్తే తిరుగు టికెట్టు ఎవరు కొంటారో కూడా రాసి ఉండాలి.

క్లబ్బే మూతపడితే? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. పరాయి దేశంలో జట్టు పెట్టడం ఎంత బలమైన లీగ్‌కైనా కష్టమే. 1995లో ఎన్‌బీఏ కెనడాలో టొరంటో, వాంకూవర్ జట్లు మొదలుపెట్టింది. టొరంటో నిలబడింది. వాంకూవర్ గ్రిజ్లీస్ ఆరు సీజన్లు ఆడి 2001లో మెంఫిస్‌కి తరలిపోయింది. వచ్చే ఆదాయం కెనడా డాలర్లలో, ఇచ్చే జీతాలు అమెరికా డాలర్లలో అయ్యేసరికి అక్కడి జట్లకి మారకం రేటు పెద్ద బరువైంది. ఆస్ట్రేలియా లీగ్‌లోకి 2006లో వచ్చిన సింగపూర్ స్లింగర్స్ 2008కల్లా బయటికి వెళ్ళింది, ప్రయాణాల ఖర్చు ఒక కారణం. అంత పెద్దవాళ్ళకే అలా అయితే, నిన్న పుట్టిన క్లబ్బు సీజన్ మధ్యలో జీతాలు ఆపేయడం వింతేమీ కాదు. ఆ క్లబ్బులో కిందటేడు ఆడిన విదేశీ ఆటగాళ్ళు ఇద్దరి పేర్లు పట్టుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో అడగండి, "జీతం టైముకి వచ్చిందా?" అని. ఆటగాళ్ళు ఈ విషయంలో ఒకరికొకరు దాచుకోరు, నేను చూసినంతలో అందరూ జవాబిస్తారు.

గొడవ వస్తే జెనీవాలోని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ తేల్చాలన్న క్లాజు కాంట్రాక్టులో ఉందో లేదో చూడండి. 2007 నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఆ వాక్యం కాంట్రాక్టులో లేకపోతే మీ కేసు వాళ్ళు తీసుకోరు. అక్కడికి వెళ్ళాలన్నా ఫీజు కట్టాలి కాబట్టి చిన్న బాకీలకి అది అక్కరకి రాదు. అందుకే జీతం రెండు నెలలు ఆగేదాకా ఊరుకోకుండా మొదటి నెల ఆగినప్పుడే ఈమెయిల్‌లో రాసి అడగండి.

దేశం మారి ఆడాలంటే ఇక్కడి సమాఖ్య, అంటే బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, క్లియరెన్స్ లెటర్ ఇవ్వాలి. అది లేకుండా ఆడిస్తామంటే అది లీగ్ కాదు. 18 ఏళ్ళు నిండనివాళ్ళకి అంతర్జాతీయ బదిలీ మామూలుగా కుదరదు, ప్రత్యేక కారణాలు చూపించాలి. పదహారేళ్ళ అమ్మాయిని "ప్రో కాంట్రాక్ట్" అంటూ పిలిస్తే తల్లిదండ్రులు అక్కడే అనుమానించాలి. రైల్వేలోనో మరోచోటో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఉన్నవాళ్ళు ఆఫీసు నుంచి రాతపూర్వక అనుమతి, సెలవు తీసుకోకుండా కదలకండి. ఎనిమిది నెలల కాంట్రాక్టు కోసం జీవితకాలపు ఉద్యోగం పోగొట్టుకోవడం నాకైతే అస్సలు నచ్చదు.

వీసా

2024 మేలో మన నగర పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి తీసుకెళ్ళిన మన కుర్రాళ్ళ చేత అక్కడ సైబర్ మోసాలు చేయించారు. ఆటగాళ్ళకి ఇలాంటిది జరగదని అనుకోకండి. విజిట్ వీసా మీద వెళ్ళి జీతానికి ఆడకూడదు. "ముందు విజిట్ మీద రండి, తర్వాత మారుస్తాం" అనే మాటకి ఒప్పుకోకండి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి, క్లబ్బు మేనేజరుకి వీసా ముద్ర కోసం ఇస్తే ఎప్పుడు తిరిగిస్తారో రాయించుకోండి. మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి దరఖాస్తు పెట్టేటప్పుడే పదో తరగతి సర్టిఫికెట్ జతచేయండి. లేదంటే ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది, గల్ఫ్‌కి ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు విడిగా అనుమతి తెచ్చుకోవాలి.

ఒంటి సంగతి

మన పిల్లలు ఎక్కువగా ఆడేది సిమెంటు కోర్టుల మీద. అక్కడ చెక్క ఫ్లోర్. బయట వాడిన బూట్లకి దుమ్ము పట్టి చెక్క మీద జారుతాయి, చీలమండ తిరిగేది అక్కడే. లోపల ఆడటానికే ఒక జత విడిగా పెట్టుకోండి. వెళ్ళేముందు నెల రోజులైనా ఇండోర్ స్టేడియంలో టైము దొరికించుకుని ఆడండి. సముద్రపు గాలి ఉన్నచోట షూటింగ్ నేర్చుకున్న పిల్లలు బంతిని కాస్త గట్టిగా, కిందగా వేయడం అలవాటు చేసుకుంటారు, గాలి లేని హాల్లో అది సర్దుకోవడానికి రోజులు పడుతుంది. ఏప్రిల్, మే ఉక్కపోతలో మధ్యాహ్నం ప్రాక్టీసు వద్దు. తెల్లవారుజామున చేయండి, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్లు మాత్రం ముట్టుకోకండి. పైన చెప్పిన సత్‌నామ్ సింగ్‌కే 2020లో డోపింగ్ కేసులో రెండేళ్ళ నిషేధం పడింది, దొరికిన పదార్థం హైజెనమైన్. కొన్ని సప్లిమెంట్లలో అది మూలికల పేరుతో ఉంటుంది. "నాకు తెలియదు" అన్నంతమాత్రాన వదిలిపెట్టరు, ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే. దగ్గు మందు వేసుకున్నా డాక్టరు చీటీ దాచుకోండి.

బయల్దేరే రోజు పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, టికెట్టు కాపీలు ఇంట్లో ఒక కవర్లో పెట్టండి. క్లబ్బు అడ్రసు, మన రాయబార కార్యాలయం నంబరు అమ్మ ఫోన్లోనూ, నాన్న జేబులో కాగితం మీదా ఉండాలి. తిరుగు టికెట్టుకి సరిపడా డబ్బు మీ ఖాతాలో, మీరే తీసుకోగలిగేలా ఉంచుకోండి. దిగిన మొదటి వారం రోజూ వీడియో కాల్ చేసి గది చూపించండి, హాలు చూపించండి, పక్కన ఉన్న జట్టువాళ్ళతో మాట్లాడించండి. ఒక రాత్రి కాల్ రాకపోతే మర్నాడు ఉదయమే ఇంట్లోవాళ్ళు క్లబ్బుకి ఫోన్ చేయాలి.