ఆర్‌వీ తోలాలంటే ముందు తోక సంగతి చూసుకోండి

ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో ఇంటిల్లిపాదీ వెళ్లడానికి అమెరికాలో ఎక్కువగా అద్దెకు దొరికేది క్లాస్ సీ ఆర్‌వీ, అంటే వ్యాన్ ముందుభాగానికి వెనక చిన్న ఇల్లు కట్టిన బండి. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన 30 అడుగుల బండి అనుకుందాం. చాలా రాష్ట్రాల్లో దీనికి మామూలు కారు లైసెన్సే చాలు. హైవే మీద తిన్నగా పోవడం గంటలో అలవాటైపోతుంది. సొట్టలు పడేదల్లా గ్యాస్ స్టేషన్లో (మన పెట్రోల్ బంకు), క్యాంప్‌గ్రౌండ్‌లో, అదీ నడక వేగంలో.

కారణం తోక. వెనక ఇరుసు దాటాక కూడా బాడీ పదడుగుల దాకా వేలాడుతుంటుంది. స్టీరింగ్ కుడికి తిప్పితే ఆ భాగం ఎడమకు ఊగుతుంది. ఎడమ పక్కనున్న పంపుకి దగ్గరగా ఆపి, గ్యాస్ నింపి, కదలగానే కుడికి కోశారా, తోక వెళ్లి పంపు ముందున్న ఇనుప స్తంభానికి గీసుకుంటుంది.

ఎంత ఊగుతుందో మీ బండికి మీరే కొలుచుకోవాలి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో బండి ఎడమ పక్క తెల్లగీతకు సరిగ్గా సమానంగా ఆపండి. స్టీరింగ్ కుడికి ఆఖరుదాకా తిప్పి మెల్లగా ముందుకు పోనివ్వండి. ఇంకొకరు దూరంగా నిలబడి, వెనక మూల గీత దాటి ఎక్కడిదాకా వచ్చిందో చూసి, బండి పోయాక చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి. టేపుతో కొలిస్తే అడుగున్నర, రెండడుగులు తేలడం మామూలే. పంపు దగ్గర అంతకన్నా ఎక్కువ జాగా వదలండి. లేదంటే తోక పంపు దాటేదాకా తిన్నగానే పోండి.

మలుపు లోపలి వైపు ఇంకో చిక్కు. వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకొచ్చి అంచు ఎక్కేస్తాయి. కుడి మలుపులో రోడ్డు మూల మీ భుజం దాటేదాకా తిప్పకండి. తిప్పాక చూపు కుడి అద్దంలో వెనక చక్రం మీదే ఉండాలి. బస్సులా ఉండే క్లాస్ ఏ బండిలో డ్రైవర్ ముందు చక్రాలకన్నా ముందే కూర్చుంటాడు కాబట్టి ఇంకా ఆలస్యంగా తిప్పాలి.

రివర్స్‌కి వెనక ఒక మనిషి ఉండాలి. మన క్లీనర్ల అలవాటు కొద్దీ "రైట్ రైట్" అని అరిస్తే రమ్మన్నట్టో, కుడికి తిప్పమన్నట్టో తెలియక కొంప మునుగుతుంది. చేతి సైగలే ముందు ఒప్పందం చేసుకోండి. ఆ మనిషి అద్దంలో కనబడకపోతే వెంటనే ఆపండి.

పైకప్పు మీది ఏసీతో కలిపి బండి ఎత్తు కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకు అంటించండి. కార్ల కోసం చేసిన మ్యాప్ యాప్‌కి అది తెలీదు, తక్కువ ఎత్తు వంతెన కిందికైనా దారి చూపిస్తుంది. పొడవూ చూసుకోవాలి: గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు కొండభాగంలోకి 21 అడుగులు మించిన బండిని రానివ్వరు.

ముందు బండికి దూరం, పొడవులో ప్రతి పదడుగులకీ ఒక సెకను, వేగం గంటకు 40 మైళ్లు దాటితే ఇంకో సెకను. అంటే హైవే మీద ఈ 30 అడుగుల బండికి నాలుగు సెకన్లు.

ఘాట్ దిగేటప్పుడు టో-హాల్ బటన్ (బరువు బండి కోసం గేర్లు మారే తీరు మార్చేది) నొక్కి, దిగుడు మొదలయ్యేలోపే కింది గేరు వేసుకోండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే వేడెక్కి పట్టు పోతుంది. గట్టిగా నొక్కి ఐదు మైళ్లు తగ్గించి, పూర్తిగా వదిలేయండి, మళ్లీ పెరిగాక నొక్కండి. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయకండి, కాలిన ఇనుము పగిలే ప్రమాదం ఉంది.