బైక్‌కి ఎల్ఈడీ బల్బు కొంటున్నారా? సుద్దముక్క దగ్గర పెట్టుకోండి

హెడ్‌లైట్‌కి ఎల్ఈడీ వేయించిన రోజు నుంచి ఎదురొచ్చే ప్రతివాడూ నాకు డిప్పర్ కొట్టడమే. పోనీ నాకైనా దారి కనబడిందా అంటే, చెట్ల కొమ్మలు కనబడ్డాయి. వాట్లు చూసి కొన్నాను మరి.

రెండోసారి ఇలా చేశాను. పాత బల్బు తీసి దాని మీద రాసింది చదివాను. చాలా చిన్న బళ్లకు హెచ్ఎస్1, 35/35 వాట్లు ఉంటుంది. పెద్దవాటికి హెచ్4, 60/55. అదే రకం అడగాలి. రాత్రి బండిని గోడకు 5 మీటర్ల దూరంలో పెట్టి, మీద కూర్చుని, పాత బల్బుతో లో బీమ్ వేయండి. వెలుగు పై అంచు ఎక్కడ తెగిందో అక్కడ పక్కవాళ్లతో సుద్దగీత గీయించండి. ఇప్పుడు ఎల్ఈడీ బిగించండి, దానిమీద వెలుగిచ్చే చిప్‌లు ఎడమకీ కుడికీ చూసేలా. వెలుగు గీత దాటి పైకి చిమ్మితే ఆ బల్బు వాపసు ఇచ్చేయడమే. అందుకే వాపసు తీసుకుంటారా అని కొనేటప్పుడే అడిగి పెట్టుకోండి. వెనక ఫ్యాన్ ఉన్నదైతే హెడ్‌లైట్ వెనక రబ్బరు టోపీ పడుతుందో లేదో కూడా చూడాలి, లేకపోతే వానకు నీళ్లు దిగుతాయి.

ఒక్కటి: యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా హెడ్‌లైట్ పెరిగి తగ్గే పాత బళ్లలో హెడ్‌లైట్‌కి వచ్చే కరెంటు బ్యాటరీది కాక, నేరుగా ఇంజిన్ నుంచి వచ్చే ఏసీ కావచ్చు. వాటిలో మామూలు ఎల్ఈడీ మినుకుమినుకుమంటుంది, ముందు మెకానిక్‌కి చూపించండి.