ఊళ్లో ఫోన్ పాఠాలు ఎలా మొదలుపెట్టాలి?

బ్యానర్ కట్టి, ప్రొజెక్టర్ మీద రెండు గంటలు చూపించి వెళ్లిపోతే ఎవరికీ ఫోన్ వాడటం రాదు. నెల్లూరు జిల్లాకు ఈ మాట కొత్త కాదు. 1991 ప్రాంతంలో ఇక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, సారా వల్ల కూలిపోయిన సంసారం కథ పాఠంగా వచ్చింది. అది తమ కథే కాబట్టి ఆడవాళ్లు పట్టుదలగా చదివారు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఊరూరా పాకి, 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. ఫోన్ చదువు కూడా వాళ్ల అవసరం నుంచే మొదలవ్వాలి. ట్రస్టు వాళ్లయినా, యువజన సంఘం వాళ్లయినా, చర్చి మహిళా సమాజమైనా ఇలా చేసి చూడండి.

ముందు అడగండి. పొదుపు సంఘం మీటింగుకు వెళ్లి, "ఫోన్‌తో మీకు ఏ పని కావాలక్కా?" అని అడిగి రాసుకోండి. సంఘం అప్పు కిస్తీ కట్టారో లేదో చూసుకోవాలంటుంది ఒకామె. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడాలంటుంది ఇంకొకామె. కొత్తపట్నం లాంటి తీరప్రాంతంలో అయితే వేటకు వెళ్లేముందు వాతావరణ హెచ్చరిక చూడటం నేర్పమంటారు. ఎక్కువమంది అడిగిందే మొదటి పాఠం.

తర్వాత పని చిన్నదిగా కనిపిస్తుంది, కానీ దీన్ని వదిలేస్తే మిగతాదంతా వృథా. ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు ఏ నంబరు లింకయిందో ఒక్కొక్కరిదీ చూడండి. ఎప్పుడో మూలపడేసిన సిమ్ నంబరు ఉంటుంది, లేదంటే అల్లుడి నంబరు ఉంటుంది. ఓటీపీ అక్కడికి పోతుంటే ఆమె చేతిలో ఫోన్ ఉండి ఏం లాభం? అలాంటివాళ్లను ముందు ఆధార్ కేంద్రానికి, బ్యాంకుకు తీసుకెళ్లి నంబరు మార్పించండి.

నేర్పేవాళ్లు ఆ వీధివాళ్లే అయితే మేలు. ఇంటర్ చదివే అమ్మాయి, సంఘం లెక్కలు రాసే యానిమేటర్ చాలు. నాట్లు, కోతలు, పొగాకు పనులు ఉన్న రోజుల్లో క్లాసు పెట్టొద్దు. సాయంత్రం వంట పనికి ముందు గంట సేపు, ఒక్కో టీచరుకు ఐదారుగురు.

క్లాసులో ఒక్కటే నియమం: నేర్పేవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు. "ఇలా ఇవ్వండి, నేను చేసి పెడతా" అన్న క్షణమే చదువు ఆగిపోతుంది. ఎంత ఆలస్యమైనా ఆమె వేలే నొక్కాలి. తప్పు నొక్కితే వెనక్కి ఎలా రావాలో మొదటి రోజే చూపించండి, సగం భయం అక్కడే పోతుంది. అక్షరాలు పెద్దవి చేయించండి, భాష తెలుగులోకి మార్పించండి. చదవడం రానివాళ్లకు మైకు గుర్తు చూపించి, మాట్లాడి వెతకడం నేర్పండి. అక్షరం రాదని ఎవరినీ వెనక్కి పంపొద్దు.

డబ్బు పాఠానికి రెండు మూడు రోజులు కేటాయించండి. ఒకరికొకరు ఒక్క రూపాయి పంపుకుని చూస్తే టెన్షన్ తగ్గుతుంది. పంపడానికి, బ్యాలెన్స్ చూడటానికి పిన్ కావాలి, డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. "మీకు డబ్బులొచ్చాయి, పిన్ కొట్టండి" అనేవాడు దొంగే. పోలీసులమంటూ వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్ట్" అని బెదిరిస్తే ఫోన్ పెట్టేయమని చెప్పండి, మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. వాట్సాప్‌లో పెళ్లి కార్డంటూ వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) తెరవకూడదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ నంబరును అందరి ఫోన్లలోనూ అక్కడికక్కడే సేవ్ చేయించండి. పోగొట్టుకున్నవాళ్లు సిగ్గుపడి దాచిపెడతారు. వాళ్లను ఎవరూ తప్పు పట్టకుండా చూడటం మీ బాధ్యత.

2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవ కూడా నేర్పండి. నంబరు 95523 00009. ధ్రువపత్రాలకు దరఖాస్తులు, కరెంటు బిల్లు లాంటి పనులు అందులో అవుతాయి.

సర్టిఫికెట్లు పంచి ముగించకండి. ఒక నెల తర్వాత వెళ్లి, ఎవరి సాయం లేకుండా ఆ పని చేసుకుంటున్నారా అని అడగండి. ఇంకా చేయడం రానివాళ్ల కోసం వారానికో రోజు సంఘం మీటింగు తర్వాత అరగంట కూర్చోండి. ఎవరి పిన్ గానీ, ఓటీపీ గానీ మీ నోట్‌బుక్‌లో ఉండకూడదు. వాళ్లే చెప్పబోయినా ఆపండి.