నార ప్యానెళ్లలో పొర లేచినా, వంకరపోయినా, అంచు నల్లబడినా ఏం చేయాలి?

గ్లాస్ ఫైబర్ పని తెలిసిన చేతికి కూడా జనపనార, గోగునార, అరటినార మొదట్లో మొరాయిస్తాయి. గాజు నీళ్లు తాగదు, నార తాగుతుంది. గాలిలో తేమ 65 శాతం ఉంటేనే జనపనార బరువులో దాదాపు 12 శాతం నీరు ఉంటుంది. విజయవాడలో ముసురు పట్టిన రోజున ఇంకా ఎక్కువ. రెండు నారపొరల మధ్య తేలికైన కోర్ (నడిమి పలక) పెట్టి చేసే శాండ్‌విచ్ ప్యానెల్లో వచ్చే తిప్పలు చాలావరకు ఈ నీటితోనే మొదలవుతాయి.

పై పొర కోర్ నుంచి లేస్తోంది

రూపాయి బిళ్లతో రెండేసి అంగుళాలకు ఒకసారి తట్టండి. అతుకు గట్టిగా ఉన్నచోట టకటకమంటుంది, లేచినచోట డొల్లగా పలుకుతుంది. అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, చిన్న ముక్క కోసి ఊడిన ముఖాన్ని చూడండి. పోగులు రెసిన్ (నారను అతికించి గట్టిపడే ద్రవం) అంటకుండా ఉత్తగా కనిపిస్తే నారలో తేమ గానీ, నార మీద సహజంగా ఉండే మైనం, జిగురు గానీ కారణం. పొర లోపలివైపు పొడిపొడిగా ఉంటే కోర్ రెసిన్‌ను పీల్చేసింది. కోర్ తునకలు పొరకు అంటుకుని వస్తే అతుకు మంచిదే, కోర్‌కే బలం చాలలేదు.

మైనం పోవాలంటే సోడా కడుగుడు తప్పదు. ప్లాస్టిక్ డ్రమ్ములో కిలో నారకు 15 లీటర్ల నీళ్లు పోసి, అందులో 750 గ్రాముల కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా వేయండి. సోడా మీద నీళ్లు పోయకండి, చిమ్మి ఒళ్లు కాలుతుంది. అల్యూమినియం పాత్ర అసలే వద్దు. చేతికి రబ్బరు గ్లోవ్స్, కంటికి అద్దాలు ఉండాలి. మూడు గంటలు నాననిచ్చి, నాలుగైదు నీళ్లలో జాడించి, చివరి నీళ్లలో కాస్త వెనిగర్ కలపండి. లిట్మస్ కాగితం రంగు మారకపోతే కడుగుడు పూర్తయినట్టు. మోతాదు పెంచితే నార ఇంకా శుభ్రమవుతుందనుకోవద్దు, పోగే బలం కోల్పోతుంది.

తర్వాత నీడలో ఆరబెట్టి, ఓవెన్‌లో 80 నుంచి 100 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచండి. ఒక చిన్న ముక్కను గంటకోసారి తూచండి. బరువు తగ్గడం ఆగితేనే ఆరినట్టు. తీసిన వెంటనే పాలిథీన్ సంచిలో కట్టేయాలి. బయట పెట్టి టీ తాగొచ్చేలోపే నార మళ్లీ తేమ పట్టడం మొదలెడుతుంది. ఈ ఒక్క అజాగ్రత్త పొద్దుటి నుంచి పడ్డ శ్రమనంతా మింగేస్తుంది.

కోర్ బాల్సా అనే తేలిక చెక్క, కార్క్, కొబ్బరిపీచు బోర్డు లాంటిదైతే ముందు పలుచగా ఒక పూత రెసిన్ వేసి, చేతికి జిగురుగా తగిలేదాకా ఆగి, ఆపైన నారపొర పరవండి.

ఇప్పటికే లేచిన ప్యానెల్లో, అరచేతికి మించని డొల్లకు పై పొర వరకే 3 మిల్లీమీటర్ల రంధ్రాలు 5 సెంటీమీటర్లకొకటి వేసి, లోపల తడి లేదని చూసుకుని, సిరంజితో ఎపాక్సీ రెసిన్ ఎక్కించండి. పక్క రంధ్రంలోంచి పొంగాక టేపు వేసి, ఇసుక బస్తా పెట్టి 24 గంటలు కదపకండి. డొల్ల అంతకంటే పెద్దదైతే పొర కోసేసి కొత్తది వేయడమే నయం.

కోర్ కరిగి గుంటలు పడుతోంది

థర్మకోల్ మీద పాలిస్టర్ రెసిన్ వేశారన్నమాట. అందులోని స్టైరీన్ థర్మకోల్‌ను కరిగిస్తుంది. దీనికి మరమ్మతు లేదు. థర్మకోలే వాడాలంటే ఎపాక్సీ తీసుకోండి.

పొర పరిచేలోపే రెసిన్ బిగుసుకుంటోంది

రోహిణి కార్తెలో ఇది మామూలే. పాలిస్టర్‌కు హార్డ్‌నర్‌ను (రెసిన్‌ను గట్టిపరిచే మందును) 2 శాతం నుంచి 1 శాతానికి దించండి, అంతకంటే దించితే రెసిన్ పచ్చిగానే ఉండిపోతుంది. అరకిలోకు మించి ఒకసారి కలపకుండా తెల్లవారుజామునే పని ముగించండి. పాలిస్టర్ త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్ట్‌ను, హార్డ్‌నర్‌ను నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపవద్దు, పేలుతుంది. ఎపాక్సీలో మాత్రం హార్డ్‌నర్ మోతాదు తగ్గించకూడదు. ఎల్‌వై 556 అనే ఎపాక్సీకి హెచ్‌వై 951 హార్డ్‌నర్ అయితే 100 గ్రాములకు 10 గ్రాములు, ఏ కాలమైనా అంతే.

వంకరపోయింది, లేదా బరువు పెరిగింది

రెండు వైపులా పొరల సంఖ్య, నేత దిశ ఒకేలా లేకపోతే ప్యానెల్ వంగుతుంది. ఒకవైపే పెయింట్ వేసినా అంతే, రెండోవైపు తేమ తాగి ఉబ్బుతుంది. బరువు సంగతికొస్తే, చదరపు మీటరుకు 300 గ్రాముల గోనెగుడ్డ వైపుకు రెండు పొరలంటే మొత్తం నార 1200 గ్రాములు. చేత్తో వేసే పనిలో పొరలకు రెసిన్ రెండున్నర రెట్లు, అంటే 3 కిలోలు చాలు. మించితే రోలర్‌తో పిండి తీసేయండి. ప్యానెల్ ఊగుతోందని పొరలు పెంచేకన్నా కోర్ మందం పెంచండి. 10 మిల్లీమీటర్ల కోర్‌ను 20 చేస్తే వంగకుండా నిలిచే గుణం ఇంచుమించు నాలుగింతలవుతుంది.

అంచులు నల్లబడి బూజు పడుతున్నాయి

నారపోగు లోపల బోలుగా ఉంటుంది. కోసిన అంచు దీపపు వత్తి నూనె లాగినట్టు నీళ్లు లాగుతుంది. నల్లబడ్డ మేర కోసేసి, ఎండబెట్టి, అంచుకు రెండు పూతల ఎపాక్సీ వేయండి. స్క్రూ రంధ్రమూ అంచు కిందే లెక్క. దాని చుట్టూ 25 మిల్లీమీటర్ల వెడల్పున కోర్ తీసేసి, రంపపుపొట్టు కలిపిన ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాకే డ్రిల్ వేయండి. అప్పుడు స్క్రూ బిగించినా అక్కడ ప్యానెల్ నలగదు, నీరూ దిగదు.