నక్షత్ర తాబేలు దొరికితే బావిలో వేయకండి

తొలకరి పడి దుక్కులు మొదలయ్యాయంటే నాకు ఫోన్లు వస్తాయి. "సార్, శెనక్కాయల చేలో తాబేలు దొరికింది. పాపం ఎండకు అల్లాడిపోతోందని బావిలో వేశాం" అంటారు. ఆ మాట వినగానే టెన్షన్ పుడుతుంది. చిత్తూరు జిల్లా మెట్ట మండలంలో పశువైద్య సహాయకుడిగా ఇరవై రెండేళ్లు చేశాను. మంచి మనసుతో బావిలో, గుడి కోనేట్లో వేసిన తాబేళ్లను ఎన్నింటినో చనిపోయాక బయటికి తీయించాను. మెట్ట తాబేలుకు ఈత రాదు. కాసేపు కాళ్లు కొట్టుకుని అలసిపోయి మునిగిపోతుంది.

అందుకే ముందు కాళ్లు చూడండి. ఏనుగు కాళ్లలా గుండ్రంగా, మొద్దుగా ఉంటే అది నేల మీద బతికేది. వేళ్ల మధ్య పొర ఉంటే నీటిది, దాన్ని చెరువు గట్టున వదలొచ్చు. మన మెట్ట పొలాల్లో కనిపించే నక్షత్ర తాబేలుకు నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. డిప్ప మీద బొడిపెలు లేచి ఉంటే జబ్బనుకోకండి, అడవిలో పుట్టి పెరిగినవాటికీ అవి ఉంటాయి.

దెబ్బ ఏమీ లేకపోతే మీరు చేయాల్సింది చాలా తక్కువ. రెండు చేతులతో, నేలకు దగ్గరగా, అడ్డంగా పట్టుకుని అది ఏ దిక్కుకు పోతోందో ఆ దిక్కుకే రోడ్డు దాటించి పొద నీడన పెట్టండి. తలకిందులు చేయొద్దు, ఊపొద్దు. భయపడితే ఒంట్లో దాచుకున్న నీరంతా వదిలేస్తుంది. వేసవిలో ఆ నీరే దానికి ఆధారం. "మా వైపు అడవి బాగుంటుంది" అని బండిలో వేసుకుని ఇరవై కిలోమీటర్లు తీసుకుపోవద్దు. దానికి తెలిసిన మేత, తెలిసిన నీడ అన్నీ ఆ చేను చుట్టుపక్కలే ఉంటాయి.

దెబ్బ తగిలితే ఫోటో తీసి, దొరికిన చోటు గుర్తుపెట్టుకుని, అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెంటనే చెప్పండి. వన్యప్రాణి చేతికి వస్తే 48 గంటల్లోగా తెలియజేయాలని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉంది. 2022 సవరణతో నక్షత్ర తాబేలు ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జాబితా, అంటే మొదటి షెడ్యూలులోకి వచ్చింది. అదృష్టమని ఇంట్లో ఉంచుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు పడొచ్చు. నేను సాకినవన్నీ రేంజర్ అనుమతితో, వాళ్ల వాహనం వచ్చేదాకానో వాళ్లు చెప్పినన్నాళ్లో సాకినవే.

ఆలోగా గాలి ఆడే అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి, చీకటిగా, సద్దు లేని చోట పెట్టండి. కుక్క, పిల్లి దగ్గరికి రాకూడదు. డిప్ప పగిలితే అది గోరు విరిగినట్టు కాదు, ఎముక విరిగినట్టు. అందులో నెత్తురుంది, నొప్పి తెలుస్తుంది. ఒకసారి దుక్కి దున్నే ట్రాక్టరు రోటవేటర్ తగిలి వీపు చీలిన ఆడ తాబేలును తెచ్చారు. చీలికలో పసుపు, కాఫీ పొడి కూరి, పైన పైపుల జిగురు పూశారు. దాన్ని ఊడదీయడానికి పట్టిన రెండు గంటలూ అది తల బయటికి పెట్టలేదు. దయచేసి ఏదీ కూరకండి. గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్‌ను పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి తుడిచి, శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, ఈగ వాలకుండా చూసుకుంటే చాలు. ఈగ గుడ్లు పెడితే పురుగు పడుతుంది.

పిడుదులు పట్టాయని పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ మాత్రం వేయొద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలియక నేనే వేశాను. రెండో రోజుకు కాళ్లు, మెడ వాలిపోయాయి, మూడో రోజు పోయింది. ఆ మందు తాబేలుకు విషం. అప్పటి నుంచి మా పక్క మండలాల కుర్రాళ్లకు మొదట చెప్పేది ఇదే. పిడుదులను పట్టకారుతో ఒక్కొక్కటే తీయాలి. సూది మందు అవసరమైతే డాక్టరే వేయాలి, అదీ ముందు కాళ్ల వైపు. వెనక కాలికి వేస్తే మందు ముందు మూత్రపిండాల్లోకి పోతుంది.

గాయం లేకుండా నీరసించి, కళ్లు లోపలికి పోయినవాటికి మేత కంటే ముందు నీళ్లు. వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు గడ్డం కిందికే ఉండేలా పోసి 15 నిమిషాలు నిలబెట్టండి, పక్కనే ఉండండి. తాగుతుంది, చాలాసార్లు పెంట కూడా వేస్తుంది. పగిలినవాటిని మాత్రం నీళ్లలో దించొద్దు. నీళ్లు పట్టాకే మేత. గరిక, గలిజేరు, మందార ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు మట్ట పెట్టండి. పాలు, అన్నం, బిస్కెట్లు వద్దు. పొద్దుటి లేత ఎండ నేరుగా తగలాలి, అద్దంలోంచి వచ్చే ఎండ డిప్పకు పనికిరాదు. ముక్కులో బుడగలు వస్తూ నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తుల జబ్బు, ఆ రోజే డాక్టరుకు చూపించండి. వంటింటి త్రాసు మీద రోజూ బరువు చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. కంటికి కనిపించకముందే గ్రాములు చెబుతాయి.

ఏళ్లుగా ఇంట్లో పెంచినవాళ్లు కేసు భయంతో రాత్రిపూట అడవిలో వదిలేస్తుంటారు. అది మరో అన్యాయం. ఇంట్లో తగిలిన జబ్బు అడవిలోవాటికి అంటుకుంటుంది. పైగా రాజస్థాన్, గుజరాత్ వైపు నక్షత్ర తాబేళ్లు, మన దక్షిణాదివి వేరువేరు వంశాలు. మీది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా కలపకూడదు. పశువైద్యుణ్ణి తోడు తీసుకుని రేంజ్ ఆఫీసులో అప్పగించండి. తిరుపతి జూ లాంటి చోట చూసి, వదలాలో ఉంచాలో వాళ్లు నిర్ణయిస్తారు. అక్వేరియం షాపులో కొన్న ఎర్రచెవుల తాబేలు అమెరికాది. విసుగొచ్చిందని దాన్ని చెరువులో వేస్తే మన నీటి తాబేళ్ల మేత, చోటు లాక్కుంటుంది. దాన్నీ రేంజ్ ఆఫీసులో అడిగే అప్పగించాలి.

రోటవేటర్ తగిలిన తాబేలుకు డాక్టరుకు చూపినా మానడానికి తొమ్మిది నెలలు పట్టింది. మరుసటి తొలకరికి, రెండు వానలు పడి గరిక లేచాక, ఫారెస్ట్ గార్డుతో కలిసి ఆ రైతు చేను గట్టునే రేగు పొద కింద దించాం. పొద్దున ఆరున్నర. మేము ఇరవై అడుగులు వెనక్కి వచ్చి కూర్చున్నాం. పావుగంట కదల్లేదు. తర్వాత మెడ చాచి తడి గరిక కొరికింది, నమిలింది, పొదలోకి నడిచింది.