పెట్రోల్ కారుకు ఎల్పీజీ కిట్టు: ఆర్సీలో నమోదు చేయించుకునే విధానం (తిరుపతి, చిత్తూరు జిల్లాలు)

ఇంట్లోనో, వీధి చివరి షెడ్డులోనో సొంతంగా బిగించుకున్న కిట్టు ఆర్సీలో ఎక్కదు. ఆమోదం ఉన్న కిట్టును ఆ కంపెనీ అధీకృత ఫిట్టరే బిగించి, ఫిట్‌మెంట్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు. వంటింటి సిలిండరు ఆలోచన అసలు పెట్టుకోవద్దు. అది పైనుంచి ఆవిరిని ఇచ్చేలా చేసింది, కారు కిట్టు ట్యాంకు అడుగునుంచి ద్రవాన్ని లాగుతుంది. కారు ట్యాంకులో 80 శాతం నిండగానే గ్యాసును ఆపేసే వాల్వు ఉంటుంది. మే నెల ఎండకు ద్రవం ఉబ్బినా ఆ మిగిలిన 20 శాతం ఖాళీయే కాపాడుతుంది. వంట సిలిండరుకు ఆ వాల్వే లేదు.

అడ్వాన్సు ఇవ్వకముందే కిట్టు టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ (ఆ మోడల్ కిట్టును పరీక్షించి ఇచ్చే ఆమోద పత్రం) నకలు అడిగి తీసుకోండి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థలు ఇచ్చేది అది, 3 ఏళ్లు చెల్లుతుంది. గడువు ఉందా, మీ ఇంజిన్ సీసీ దాని పరిధిలోకి వస్తుందా, మీ బండి బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) అయితే బీఎస్-4కి, బీఎస్-6 అయితే బీఎస్-6కే ఇచ్చిందా అని చూడండి. బీఎస్-6 కార్లకు కిట్టు బిగించే వీలు 2022లోనే వచ్చింది. పాత సర్టిఫికెట్ చూపించి బీఎస్-6 బండికి బిగిస్తే తనిఖీలో ఆగిపోతుంది, డబ్బు మాత్రం వెనక్కి రాదు.

బండి ఫైనాన్సులో ఉంటే బ్యాంకు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోండి. పెండింగు చలాన్లు కట్టేయండి.

కిట్టు బిగించాక 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. నంబరు ఏపీ 03 అయినంత మాత్రాన చిత్తూరుకే పోనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి, మీరు ఉండే చోటు ఏ ఆఫీసు కిందికి వస్తే అక్కడికే వెళ్లాలి. ఆర్సీలో పాత అడ్రసు ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి. పరివాహన్ పోర్టల్‌లో బండి నంబరు, ఛాసిస్ నంబరు చివరి 5 అంకెలు ఇచ్చి, ఫోనుకొచ్చే ఓటీపీ కొట్టి, వాహన మార్పు సేవ ఎంచుకోవాలి. ఫీజు తెరమీదే కనబడుతుంది. ఇన్వాయిస్, ఫిట్‌మెంట్ సర్టిఫికెట్, టైప్ అప్రూవల్ నకలు, ట్యాంకు సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ సిద్ధంగా ఉంచుకోండి.

చిక్కంతా ట్యాంకు నంబరు దగ్గరే వస్తుంది. డిక్కీ తెరిచి, స్టెప్నీ గుంటలో కూర్చున్న ట్యాంకును తడిగుడ్డతో తుడిచి టార్చి వేయండి. పెయింటు కింద చెక్కిన సీరియల్ నంబరు, తయారీ నెల, లీటర్లలో కెపాసిటీ, ఐఎస్ 14899 గుర్తు కనబడతాయి. ఫోటో తీసి కాగితాలన్నిటితో ఒక్కో అంకె సరిచూడండి. సున్నా బదులు 'ఓ', 8 బదులు 'బీ' టైపయినా మళ్లీ ఫిట్టరు దగ్గరికి తిరగాల్సిందే.

ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) తనిఖీకి ముందురోజు జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాసి చూడండి, బుడగ లేస్తే లీకే. ట్యాంకు వాల్వు పెట్టె గాలిగొట్టం కారు బయటికే తెరుచుకోవాలి. వేపరైజర్‌పై (ద్రవ గ్యాసును ఆవిరిగా మార్చే భాగం) మంచు పేరుకుని ఇంజిన్ ఆగిపోతుంటే రేడియేటర్ వేడినీళ్లు దానికి అందడం లేదని అర్థం. కూలెంట్ లైన్లో గాలి చిక్కుకుందేమో చూసి తీయించండి.

తనిఖీ అయ్యాక ఆర్సీలో ఇంధనం పెట్రోల్/ఎల్పీజీ అని మారిందో లేదో చూసుకుని, ఆ నకలు ఇన్సూరెన్సు కంపెనీకి ఇవ్వండి. సాధారణంగా కిట్టు విలువలో 4 శాతం ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియం, థర్డ్ పార్టీకి 60 రూపాయలు అదనం. చెప్పకుండా తిరిగితే క్లెయిము దగ్గర గొడవ వస్తుంది. నిబంధనలు మీరి మార్చిన బండికి సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. ట్యాంకుకు 5 ఏళ్లకోసారి ప్రెషర్ టెస్టు తప్పనిసరి, ఆ తేదీ ఆర్సీ కవరు మీదే రాసి ఉంచుకోండి.